బుడ్డోడి దాణా, నా కొసరు

రెండువేల ఒకటిలో, మేడ్చల్ బజారులో కోళ్ల దాణా దుకాణం నడుపుతున్న రోజుల్లో నేనొక ఘనకార్యం చేశాను. అంత తెలివితక్కువ పని ఊళ్లో మరే వ్యాపారీ చేసి ఉండడని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. ఫారాలకు క్వింటాళ్ల లెక్కన దాణా అమ్మేదాన్ని, కోడిపెట్టంత కూడా తూగని ఒక కుక్కపిల్ల తిండిని నెలకు గుత్తకు పట్టాను. ఎంత తిన్నా, ఎంత ఖర్చయినా మళ్లీ అడక్కుండా ముందే ఒక మొత్తం మాట్లాడుకోవడమే గుత్త. పైగా, "నెల తిరిగేసరికి నడవకపోతే పైసా ఇవ్వకుండ్రి" అని నా నోటితో నేనే అన్నాను. అవతలివాళ్లు ఆ మాట అడగనే లేదు.

నేను పుట్టి పెరిగింది కిరాణా దుకాణం వెనక గదిలో. అక్షరాలకన్నా ముందు త్రాసు నేర్చుకున్నాను. మా నాయిన తూకం కచ్చితంగా వేసేవాడు. ముల్లు నిలబడ్డాక మాత్రం, వేళ్లతో ఇంత తీసి పొట్లంలో పడేసేవాడు. అదే కొసరు. "తూకానికి గిరాకి వస్తది బిడ్డా, కొసరుకు మళ్ల వస్తది" అనేవాడు. ఆ చదువు నా బుర్రలోకి కన్నా చేతిలోకే ఎక్కువ దిగింది.

దాణా వ్యాపారం గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. మక్కలు, సోయా చెక్క, తవుడు, ఎండుచేపల పొడి, కాల్షియం కోసం ఆల్చిప్పలు నూరిన గుల్ల పిండి, వీటిని కోడి వయసును బట్టి పాళ్లు చూసి కలిపితే దాన్ని రేషన్ అంటాం. విటమిన్లు, ఖనిజాలు ముందే కలిపి ఉంచిన పొడి ప్రీమిక్స్. గుడ్లు పెట్టే కోడికి పెంకు కోసం కాల్షియం ఎక్కువ కావాలి. అదే దాణా కోడిపిల్లలకు వేస్తే వాటి మూత్రపిండాలు చెడిపోతాయి. అందుకే ప్రీమిక్స్‌లో గానీ గుల్ల పిండిలో గానీ నేను ఏనాడూ కొసరు వేయలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయాను.

ఆ రోజు పొద్దున మా పాత గిరాకి నర్సింరెడ్డి జీపు దుకాణం ముందు ఆగింది. శామీర్‌పేట రోడ్డులో అతనికి కోళ్ల షెడ్లున్నాయి. తూంకుంట దగ్గర భూమి కొంత ప్లాట్లకు పోయింది. ప్లాట్ల డబ్బు వచ్చాక ఇంటికి మార్బుల్ వచ్చింది, మార్బుల్ మీద తిరగడానికి పొమెరేనియన్ కుక్కపిల్ల వచ్చింది. ముందు సీట్లోంచి అతని తల్లి బాలవ్వ దిగింది. చేతిలో తువ్వాల మూట.

"శేటమ్మా, కాల్షమట, ఉన్నదా నీ కాడ?"

"ఉన్నది అవ్వా. మూట కావాల్నా, అర మూటనా?"

"మూట పోసి వీన్ని బొంద పెడ్తనా ఏంది?" అని తువ్వాల విప్పింది.

తెల్లగా, దూదిపింజలా ఉంది. బాలవ్వ పెట్టిన పేరు బుడ్డోడు. బల్ల మీద నిలబెట్టబోతే ముందుకాళ్లు రెండూ విల్లులా బయటికి వంగాయి. కుయ్‌మని కూర్చుండిపోయింది.

"ఏం పెడ్తున్నరు వీనికి?"

నర్సింరెడ్డి ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. "మా ఇంట్ల కుక్కకు సద్దన్నం పెడ్తమా అక్కా? బోన్‌లెస్ కైమా, కార్జం. ఇంకోటి ముట్టడు."

"ఇంకోటి పెడ్తె గద ముట్టెతందుకు! గల్లీ కుక్కలు ఎంగిలి బొక్కలు కొరికి గుర్రాలోలె ఉరుకుతున్నయి. మావోడు కైమా తిని కూలవడ్డడు" అంది బాలవ్వ.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు అప్పటికే చూశారు. ఉత్త కండలో భాస్వరం మస్తుగా ఉంటుంది, కాల్షియం ఉండదు. రక్తానికి కాల్షియం కావాల్సి వచ్చి, ఒళ్లు తన ఎముకల్లోంచే తీసుకుంటోంది. పొయ్యిలోకి కట్టె లేక ఇంటి దూలాలు పీక్కున్నట్టన్నమాట. పెరిగే పిల్ల కాబట్టి ఇంకా పెళుసు. మంచం మీది నుంచి దూకితే కాలు పుటుక్కున విరగవచ్చు. తిండి మార్చి, ఎగరనివ్వకుండా చూసుకుంటే నిలబడొచ్చన్నారు.

"ఎందుకే అమ్మా గీ పరేషాన్? ఇది పోతే ఇంకోటి కొంట" అన్నాడు నర్సింరెడ్డి.

బాలవ్వ కొడుకు వైపు తిరిగింది. "చిన్నప్పుడు నీ కాలిరిగితె నేను ఇంకోన్ని కన్ననార?"

దుకాణంలో తవుడు ఎత్తుతున్నవాళ్లు కూడా నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. బుడ్డోడు నా వేలు నాకుతున్నాడు. అప్పుడే ఆ గుత్త మాట నా నోట్లోంచి జారింది. బియ్యం, కోడికూర, గుమ్మడికాయ, కాల్షియం పొడి అన్నీ నావే, వండే పని వాళ్లది, నెలకు రెండు వందలు. కోడిపెట్టంత ప్రాణి కోడిపెట్టంతే తింటుందని లెక్కేశాను. పెరిగే కుక్కపిల్లకూ కూర్చున్న కోడికీ తేడా ఉంటుందని దాణా అమ్మేదానికి తట్టలేదు.

బుడ్డోడి రేషన్ పాళ్లు కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన చూసి కొన్ని మార్చారు. ఎముక తీసిన కోడికూర, మెత్తగా ఉడికిన అన్నం, ఉడికించిన గుమ్మడి, చుక్క నూనె. కార్జం వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలు, అంతే. ఉల్లిగడ్డ, మసాలా, ఉప్పుకారం వద్దు. కోడిగుడ్డు పెంకులు ఉడకబెట్టి, ఎండబెట్టి, పిండిలా నూరిన పొడి మాత్రం ఆయన చెప్పిన కొలతే, ఆ కుక్క బరువుకు, ఆ తిండికి కట్టిన కొలత. పైన విటమిన్ చుక్కలు ఆయనే రాసిచ్చారు. "శేటమ్మా, ఇది బేరం కాదు. కొలత అంటే కొలతే" అన్నారు.

"నాకు చెప్తరా సార్ కొలతలు?" అన్నాను.

వారానికి సరిపడా సామాను, నెలకు సరిపడా పొడి డబ్బా కట్టి, బాలవ్వకు బల్ల దగ్గరే చూపించాను. పొడిని చిన్న చెంచాతో తీసి, అగ్గిపుల్లతో గీకి చదును చేసి, గిన్నెలో వేశాను. వేశాక నా చెయ్యి, నన్నడక్కుండానే, డబ్బాలోంచి ఇంత చిటికెడు తీసి పైన చల్లింది.

"గిట్లనే ఏస్త బిడ్డా" అని బాలవ్వ శ్రద్ధగా తల ఊపింది.

మొదటి వారం బుడ్డోడు కుయ్‌మనడం తగ్గింది. రెండో వారం జీపు వేగంగా వచ్చి ఆగింది.

"ఏం పొడి ఇచ్చినవమ్మా! వానికి దొడ్డికి వస్తలేదు. వచ్చినా సుద్దముక్క లెక్క తెల్లగ, గట్టిగ! ఏడుస్తున్నడు నా బుడ్డోడు" అంది బాలవ్వ. వెంటనే ఖాళీ పొడి డబ్బా బల్ల మీద పెట్టింది. "పొడి గూడ ఒడిసింది. జల్దీ ఇంకింత ఇయ్యి."

ఆ డబ్బా నెలకు సరిపోవాలి. నర్సింరెడ్డి నడుపుతుంటే అదే జీపులో ముగ్గురం బుడ్డోణ్ని తీసుకుని ఆసుపత్రికి పోయాం. డాక్టరు బుడ్డోడి పొట్ట నొక్కి చూసి, మందు ఇచ్చి, మా ముగ్గురి మొహాలూ చూశారు.

"పొడి ఎంత వేస్తున్నారు?"

"శేటమ్మ చూపెట్టినట్లే సారూ. చెంచెడు, మీద ఇంత కొసరు."

"కొసరా?"

"మరి! అంగట్ల ఆమె ఏసినంక, ఇంట్ల నేను ఎయ్యకుంటె మంచిగుంటదా? నా కోడలు ఇంత ఏస్తది. వీడు గూడ" అని కొడుకును చూపించింది.

నర్సింరెడ్డి బూట్ల వైపు చూసుకున్నాడు. "జల్దీ నడుస్తడని రెండు మూడుసార్లు ఏసిన సార్."

డాక్టరు నా వైపు తిరిగారు. "నీ కోళ్ల ప్రీమిక్స్‌లో కొసరు వేస్తావా శేటమ్మా?"

"లేదు సార్."

"మరి దీనికెందుకు వేశావు?"

ముద్దొచ్చింది సార్ అందామనుకున్నాను. కాల్షియం తక్కువైతే ఎంత చెరుపో, పెరిగే పిల్లకు ఎక్కువైనా అంత చెరుపే, ఎముకలు పెరగడంలోనే తేడా వస్తుందని ఆయన మళ్లీ చెప్పారు. నాకు ముందే తెలిసిన సంగతిని చేతులు కట్టుకుని కొత్తగా విన్నాను.

తిరిగి వస్తూ జీపులో నేనూ బాలవ్వా బేరానికి కూర్చున్నాం. కొసరు పూర్తిగా మానుకోమంటే ఆమె ససేమిరా అంది. "కొసరెయ్యకుంటె నేను వానికి పరాయిదాన్ని గానా?"

"అయితే గిన్నెల వద్దు అవ్వా. తిన్నంక వీపు నిమురు. అది ఎంత కొసరేసినా అరుగుతది."

బాలవ్వ బుడ్డోడి వీపు మీద చెయ్యి వేసి చూసుకుంది. "నా కోడలు గూడ నిమురొచ్చునా?"

"నిమరమను."

"వీడు?"

"చేతులు కడుక్కొని నిమరమను."

ఆ తర్వాత పొడిని ఇంటికి డబ్బాలో ఇవ్వలేదు. డాక్టరు కొలత ప్రకారం పూటకొక పొట్లం కట్టాను. కడుతున్నంతసేపూ నా కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నంత పని చేశాను.

నెల తిరిగాక జీపు మళ్లీ వచ్చింది. బాలవ్వ బుడ్డోణ్ని చేతుల్లో తేలేదు. దుకాణం గడప ముందు మెల్లగా కింద దించి, వేలు పెదాల మీద పెట్టుకుని నాకు సైగ చేసింది. బుడ్డోడు తవుడు బస్తాలు వాసన చూశాడు, తుమ్మాడు, నడుచుకుంటూ వచ్చి నా చెప్పు పట్టుకుని గుంజాడు. తవుడు ఎత్తేవాళ్లు పని ఆపి చప్పట్లు కొట్టారు.

బాలవ్వ నడుము సంచీలోంచి రెండు వందలు తీసి నా చేతిలో పెట్టింది. అలవాటు ఎక్కడికి పోతుంది, నేను చెయ్యి ముడవకుండా అలాగే చాపి ఉంచాను.

"ఏంది?"

"కొసరు, అవ్వా."

"కొసరు ఎయ్యద్దన్నది నువ్వే గద!" అని, చాచిన నా చేతిని పైనుంచి కిందికి మెల్లగా నిమిరింది.

ఇగ లెక్క. కోడికూరకు నూట డెబ్బై. బియ్యం, గుమ్మడి, నూనె కలిపి ముప్పై అయిదు. కొసరు పుణ్యమా అని పడ్డ మందుల ఖర్చు నలభై అయిదు, అది నేనే పెట్టుకున్నాను. పొడి నేనే నూరుకున్నది కాబట్టి వదిలేద్దామనుకున్నాను, కానీ దుకాణందారు బిడ్డను, ఆరు రూపాయలు. మొత్తం రెండు వందల యాభై ఆరు. వచ్చింది రెండు వందలు. నష్టం యాభై ఆరు.

బుడ్డోడి కాళ్లు నాలుగు. మూడు చక్కగా వచ్చాయి. ఎడమ ముందుకాలు మాత్రం పెద్దయ్యాక కూడా కొంచెం వంకరగానే ఉండిపోయింది. అందులో కైమా వాటా ఎంతో, నా చిటికెడు వాటా ఎంతో ఏ త్రాసులోనూ తేలలేదు. సగం నా కిందే రాసుకున్నాను.