ముప్పై ఒకటో చోటు

2023 వేసవి. బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలోని ఒక చిన్న ఆసుపత్రికి వైఫై చూసుకునే పని నాది. వార్డు కప్పుకు ఒక యాక్సెస్ పాయింట్ బిగించాను. చుట్టుపక్కల ఫోన్లకు, యంత్రాలకు నెట్ అందించే తెల్లటి పెట్టె అది. దానికి తగులుకునే ఒక్కో పరికరాన్ని మేము క్లయింట్ అంటాం. క్లయింట్లు పెరిగితే అందరికీ నెమ్మదిస్తుంది కాబట్టి ముప్పై దాటకూడదని హద్దు పెట్టాను. ఒక్కో ఫోనుకు ఇంత వేగమేనని మరో హద్దు. ఇంక భయం లేదనుకున్నాను.

ఆ ముప్పైలోనే రోగుల మంచాల పక్కనుండే మానిటర్లూ ఉన్నాయి. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఆ అంకె వైఫై మీదుగానే నర్సు బల్ల మీది తెరకు చేరేది.

గనిలో ముప్పై ఏళ్లు రాతిదుమ్ము పీల్చిన మునెప్ప తాత అప్పుడు మూడో మంచంలో ఉన్నాడు. ఆయన కూతురు లక్ష్మమ్మ ఒకరోజు నన్ను పట్టుకుంది.

"అన్నా, ఫోన్లో నెట్ రాలేదు. పాస్‌వర్డ్ చెప్పరాదా?"

"ఎవరికీ చెప్పొద్దమ్మా."

"నేనెవరికి చెప్తా?"

చెప్పాను. వాళ్లుండేది గనివాళ్లకు వరసగా కట్టిన లైన్ ఇళ్లలో, అక్కడి మనుషుల సంగతి తెలిసీ చెప్పాను. అక్కడ వీధికంతా ఒకటే కొళాయి. ఒకరికి దొరికింది అందరికీ దొరికినట్టే.

మర్నాడు నాలుగు గంటలకు తాతను చూడడానికి వీధి వీధంతా వచ్చింది. నెట్ నెమ్మదిగా ఉందని కబురొస్తే నేనూ వెళ్లాను. నర్సు శారద బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి ఫోన్ల వేగం ఇంకొంచెం తగ్గిస్తున్నాను. ఎందుకో పక్కనున్న తెర వైపు చూశాను. మూడో మంచం, 94. కాసేపటికి మళ్లీ చూశాను. 94. మిగతా మంచాల అంకెలు ఒకటీ రెండూ అటూ ఇటూ ఆడుతున్నాయి. అది మాత్రం ఆడడం లేదు.

"సిస్టర్, మూడో మంచం అంకె ఇందాకట్నుంచి ఇంతేనా?"

"ఎక్స్‌రేకి పోయి వచ్చినాడు సార్. బాగానే ఉండాడు, 94 కదా."

వెంటనే క్లయింట్ల జాబితా చూశాను. ముప్పైకి ముప్పై నిండి ఉంది. మూడో మంచం మానిటర్ అందులో లేదు. ఎక్స్‌రే గది వైఫై అందనంత దూరం. తాతతో పాటు అక్కడికి పోగానే మానిటర్‌కు వైఫై తెగిపోయింది. తిరిగొచ్చేసరికి దాని చోట్లో ఎవరి ఫోనో చేరింది. ముప్పై ఒకటోదిగా తలుపు తట్టిన మానిటర్‌ను, నేను పెట్టిన హద్దే బయట నిలబెట్టింది. తెర మీద ఉన్నది, కొత్తది అందక నిలిచిపోయిన పాత అంకె.

పరుగెత్తాను. శారద నన్ను దాటి పరుగెత్తింది. మంచం చుట్టూ జనం.

"జరగండమ్మా! జరగండప్పా!"

మానిటర్ మీద 71. పక్క రోగికి నిద్ర పట్టడం లేదని దాని హెచ్చరిక మోత ఆ పొద్దున్నే ఆపేశారట. తాత పెదవులు నీలంగా ఉన్నాయి. పడుకున్నాడనుకుని అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఎక్స్‌రే నుంచి తెచ్చి మంచం మీదికి మార్చేటప్పుడు ఊడిన ఆక్సిజన్ గొట్టం దుప్పటి కింద బుసకొడుతోంది.

శారద గొట్టం తగిలించింది. 72. మళ్లీ 71. లక్ష్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ అంకె 80 చేరేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

రెండు రోజుల తర్వాత తాత లేచి కూర్చున్నాడు. నేనే వెళ్లి జరిగిందంతా చెప్పాను. నింపాదిగా విన్నాడు.

"గనిలో కేజ్ అని ఉండేదప్పా, మమ్మల్ని కిందికీ మీదికీ తెచ్చేది. దానికీ ఇంతమందేనని లెక్క. అయినా కింద ఎవడికైనా దెబ్బ తగిలితే, ఎక్కినోళ్లం దిగి వాణ్ణి ముందు పంపిస్తా ఉంటిమి. నీ పెట్టెకి ఆ మాత్రం బుద్ధి లేదా?"

"పెట్టెకు కాదు తాతా, నాకు లేదు."

"ఇంగ నేర్చుకో," అని దగ్గుతూ నవ్వాడు.

ఆ సాయంత్రమే మానిటర్లకు వేరే యాక్సెస్ పాయింట్ బిగించి, ఫోన్లేవీ అందులో చేరకుండా కట్టడి చేశాను. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ఎంతమందిని చేర్చాలని మొదట అడగను. ఎవరిని ఎప్పటికీ బయట నిలబెట్టకూడదో అడుగుతాను. తెర మీద అంకె కదలకుండా కనబడితే మాత్రం ఇప్పటికీ లేచి వెళ్లి మనిషిని చూసి వస్తాను.