గుర్రం వెంట్రుక ముడి

నాలుగో తరగతిలోనే బడికి దండం పెట్టినా ఊళ్లో కుక్కల వైద్యుణ్ణి నేనే. రోగులకు నోరు లేదు కాబట్టి నా పేరు నిలిచింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు కోసం తిరుపతిలో కూర్చుని, మా మొగకుక్క పొట్ట మీది పులిపిరి రాలిపోవాలని జట్కా గుర్రం వెంట్రుకతో బిగించి కట్టాను. కుక్క మూలిగి నా వైపు చూసింది.

పక్కన బిడ్డకు పాలిస్తున్న ఒకామె వంగి చూసింది. “అది పులిపిరి కాదన్నా, చన్ను. మొగదానికీ ఉంటాయి. సూడు, దానికెదురుగా ఈ పక్కా ఇంకోటి ఉండాది.”

బిడ్డను నా ఒళ్లో పెట్టి, గోటితో ఓపికగా ముడి విప్పింది. కుక్క ఆమె చెయ్యి నాకింది. అప్పటినుంచి ఏ కుక్కకైనా ముందు రెండో పక్క తడిమి చూస్తాను.

ఆ సాయంత్రం ఇంట్లో చెబితే మా అక్క నవ్వకుండా అంది: “నీ ఒంటి మీదా ఉండాయి గదరా. ముందు వాటికి కట్టుకొని సూసుంటే తెలిసేది.”