ఇది పెద్దక్క చెయ్యి

కరోనా వెళ్లిపోయినా మాస్కులు మాత్రం ఇంకా ఇళ్లలో మేకులకు వేలాడుతున్న రోజులవి. అప్పుడే చదువు ముగించిన నాకు లోకంలో తెలియని విషయం ఒక్కటీ లేదు (ఆ వయసులో చాలామందికి ఉండదు). మాది కేజీఎఫ్. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి బంగారు గనిలో పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. పాతాళంలోకి దిగి రాళ్లు కొట్టిన వంశంలో, పట్టుపురుగుల్ని పెంచడం నేర్చుకున్న మొదటివాణ్ణి నేనే. శిక్షణ ముగియగానే కామసముద్రం పక్కన ఒక చాకీ కేంద్రంలో సూపర్‌వైజరుగా చేరాను. చాకీ కేంద్రమంటే పురుగుల బాలవాడి అనుకోండి. గుడ్లలోంచి బయటపడ్డ నూలుపోగుల్లాంటి పిల్లలకు లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి పెట్టి, కాస్త గట్టిపడేదాకా సాకి, తర్వాత రైతులకు అప్పగిస్తారు. "ఇది నీ చేతికింద మొదటి పంట. బాగా వచ్చిందంటే పని పర్మనెంటు. రాలేదంటే ఇంగ నువ్వు పొద్దున్నే రైలెక్కి బెంగళూరికి పోవల్లప్పా" అన్నాడు మా యజమాని, చేరిన రోజే. ఆ రైల్లో నిలబడి వెళ్లే మా వీధివాళ్ల ముఖాలు నా కళ్ల ముందు కదిలాయి.

అక్కడ నాకంటే పాతవాళ్లు ఇద్దరు. ఆకు తరిగి పురుగులకు వేసేది పెద్దక్క. వయసుకు అమ్మ అనాల్సింది గానీ ఊరంతా ఆమెకు పెద్దక్కే. నీళ్లూ గదిలో వేడీ చూసుకునేవాడు సైరన్ మామ. ఆయన తుమ్మితే మూతపడిన గని మళ్లీ తెరిచారేమో అనిపిస్తుంది, అందుకా పేరు. ఈ ఇద్దరికీ గట్టి నమ్మకం ఒకటుంది. పురుగు గుడ్డులోంచి వచ్చిన రోజు తొలి ఆకు ఎవరు వేస్తారో, రైతు చేతికి ఇచ్చేదాకా వాళ్లే వేయాలట. మధ్యలో చెయ్యి మారితే పురుగు అలిగి ఆకు ముట్టదట. కైగుణం అంటారు దాన్ని. నా పాఠాల్లో పురుగుల అలక గురించి ఎక్కడా లేదు కాబట్టి నేను నవ్వి ఊరుకున్నాను.

సరిగ్గా అప్పుడే చుట్టుపక్కల పల్లెల్లో దగ్గూ జ్వరమూ పట్టుకున్నాయి. ఇంటికొకరు కాదు, ఇంటిల్లిపాదీ పడకేశారు. మా కేంద్రంలో మాత్రం ఒక్కరూ మానలేదు. ఆకు వేసే చెయ్యే కాదు, వేడి చూసే చెయ్యీ మారకూడదట! ముందు సైరన్ మామ కళ్లు ఎర్రబడ్డాయి. "జ్వరమా మామా?" అంటే, "నాకా? సుమ్నే, ఊరికే పొయ్యి దగ్గర నిలబడినానప్పా" అన్నాడు. పెద్దక్క దగ్గుతుంటే అడిగాను. "సొప్పు దుమ్ము నాయనా, గొంతులో పడినాది" అంది. సొప్పంటే వాళ్ల మాటలో ఆకు. అప్పుడే కడిగి తెచ్చిన తడి ఆకులో దుమ్మెక్కడిదో ఆ దేవుడికే తెలియాలి. అంటువ్యాధి అంటే ఏమిటో, రోగులు ఇంట్లో ఎందుకుండాలో నేనొక ఉపన్యాసం ఇచ్చాను. ఇద్దరూ శ్రద్ధగా విని, కరోనా నాటి మాస్కులు తెచ్చి కట్టుకున్నారు. నా మాటకు విలువ దొరికిందని పొంగిపోయాను. మధ్యాహ్నం సంగటి ముద్దల దగ్గర మాస్కులు తీసి ఒకే మేకుకు తగిలించి, మోకాళ్లు తగిలేలా కూర్చుని, ఒకరి గిన్నెలో పులుసు ఒకరు వంచుకుంటుంటే అర్థమైంది. మాస్కు కట్టింది మనుషుల కోసం కాదు. "పురుగులకు అంటుకుంటే యెట్లప్పా? అవి పసిబిడ్డలు" అంది పెద్దక్క, నా కంచంలోకి కూడా ఇంత పులుసు వంచుతూ. సైరన్ మామ అటు తిరగకుండానే తుమ్మాడు.

చివరికి నాకూ వచ్చింది. ఒళ్లంతా కుమ్మేసినట్టుంది. అయినా మానలేదు. నేను వచ్చింది వాళ్లలా మూఢనమ్మకంతో కాదు, కేవలం బాధ్యతతో (అని నాకు నేను చెప్పుకున్నాను, అదీ పళ్లు టకటకలాడుతుంటే). ఆ ఉదయమే పురుగులు చర్మం వదిలి నిద్ర లేచాయి. బైరకూరు రైతు వాటిని తీసుకెళ్లడానికి రావాలి. లేచాక వేసే తొలి ఆకు అవి తినడం కళ్లారా చూస్తే గానీ ఆయన పురుగుల ట్రేలు ఎత్తడు. ఆయన ఎత్తకపోతే నాకు రైలే గతి.

అలాంటి పొద్దున పెద్దక్క గేటు దగ్గర ఉండగానే ఆమె వాసన నన్ను చేరింది. వెంట వచ్చిన కోడలు బలవంతాన ఒళ్లంతా నీలగిరి తైలం రుద్దిందట. పురుగులకు ఘాటైన వాసన విషంతో సమానం, ఆ సంగతి ఆమెకే బాగా తెలుసు. అందుకే లోపలికి రాకుండా మెట్టు మీద కూలబడింది, దుప్పటి కప్పుకుని, వణుకుతూ. "ఇంటికి పో పెద్దక్కా, నేను వేస్తాను" అన్నాను. "నా చెయ్యి లేకుంటే అవి ముట్టవు. పంట పోతుందప్పా, నీ పని గూడా పోతుంది" అంది, కళ్ల నీళ్లతో. అవి జ్వరం నీళ్లో నా కోసం పెట్టుకున్నవో తెలియలేదు. బతిమాలాను, కసిరాను. కదల్లేదు. ఆఖరికి తనే ఒక దారి చెప్పింది. "ఒక పని చెయ్యి నాయనా. సొప్పు వేసేటప్పుడు, ఇది పెద్దక్క చెయ్యి అని చెప్పి వెయ్యి. గట్టిగా చెప్పు, నాకు కిటికీలో వినపడల్ల. అప్పుడు పోతాను."

ఆమె వెళ్లి పడుకుంటే చాలుననిపించింది. సైరన్ మామను బయటికి పంపి (సాక్షులెందుకు?), బ్లీచింగు నీళ్లలో చేతులు కడుక్కుని, మొదటి ట్రే మీదికి వంగాను. "ఇది పెద్దక్క చెయ్యి" అన్నాను. "వినపళ్లా!" అంది కిటికీ. గొంతు పెంచాను. రెండో ట్రేకు కాస్త సిగ్గు తగ్గింది. చివరి వరసకు వచ్చేసరికి, జ్వరం తలకెక్కిందో ఏమో, "ఇది పెద్దక్క చెయ్యమ్మా, తినండమ్మా, పెద్దక్కకు బాగాలేదమ్మా" అని ముద్దు చేస్తున్నాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో యజమాని, ఆయన పక్కన బైరకూరు రైతు.

"ఏమప్పా సూపర్‌వైజరూ, ఎవురితో మాట్లాడతాండావు?" అన్నాడు యజమాని. నా ఉద్యోగం రైలెక్కి కూతపెట్టినట్టు వినిపించింది. రైతు మాత్రం నేరుగా వచ్చి ట్రే మీదికి వంగాడు. నేనూ వంగాను. పురుగులు ఒక్కొక్కటే ఆకు మీదికెక్కాయి. అంచులు కొరికాయి. తింటున్నాయి! నేను కిటికీ దగ్గరికి పరుగెత్తి "తింటాండాయి పెద్దక్కా!" అని అరిచాను. దుప్పటిలోంచి రెండు చేతులు లేచి దణ్ణం పెట్టాయి. తర్వాత ఆమె మెల్లగా లేచి, కోడలి భుజం పట్టుకుని ఇంటిదారి పట్టింది. నా ప్రాణం కుదుటపడి, నేనూ అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. యజమాని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "పర్మనెంటు చేసినానులే, ముందు పొయ్యి పడుకో" అన్నాడు.

పడుకునే ముందు ఇంకొకటి జరిగింది. ట్రేలు బండికెక్కించి బైరకూరు రైతు నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "అప్పా, మా యింట్లో ప్రతి పంటకీ పురుగులకు సొప్పు వేసేది మా ఆడామె. ఆమెక్కూడా జొరమే. లెయ్యలేకపోతాంది, అయినా చెయ్యి మారకూడదని పొద్దున్నుంచీ షెడ్డు కడగతాంది. నేనేమని చెప్పి వెయ్యల్ల?" నేను ఇంత శాస్త్రం చదివినవాణ్ణి కదా. లేచి నిలబడి, మాస్కు సర్దుకుని, "ఆమెను పడుకోబెట్టన్నా. ఇది మా ఆడామె చెయ్యి అని చెప్పి నువ్వే వెయ్యి. తింటాయి. నేను చూసినాను" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. ఒళ్లు కాలిపోతున్నా ఎంత ధీమాగా చెప్పాడో ఆ కుర్రవాడు, అంటే అప్పటి నేను! ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. తర్వాత చాలామందికి చాలా సలహాలు ఇచ్చాను గానీ, జ్వరంతో ఉన్న మనిషిని ఇంట్లో పడుకోబెట్టింది మాత్రం ఆ ఒక్కటే.