ఆరో నీటికుక్క

పూజ పందిళ్ల కోసం హౌరా పక్కన మా సంత్రాగాఛి క్వార్టర్స్ ముందు మొన్న ఒక లారీ వెదుర్లు దింపారు. వానకు తడిసిన పచ్చి వెదుర్లు. వాటి మీద కత్తి పడగానే లోపలి వాసన, మొక్కజొన్న కండె ఒలిచినప్పుడు వచ్చేలాంటిది, కిటికీలోంచి వంటింట్లోకి వచ్చింది. తాలింపు వెయ్యబోతూ గరిట పక్కన పెట్టేశాను. ఆ వాసన తగిలితే నా బుర్ర తనంతట తానే లెక్క మొదలుపెడుతుంది. ఆ ఏడాది చెరువు మీద పోయినవి: పన్నెండు వేల తొమ్మిది వందల అరవై చేపలు. ఐదు నీటికుక్కలు. ఒక వెదురు బుట్ట. ఒక ముసలాయన చేతిలో ఉన్న విద్య. ఇందులో మొదటి అంకె తప్పు. మిగిలినవన్నీ ఆ తప్పు వల్లే పోయాయి.

ఆ ముసలాయన పేరు అప్పలసామి. ఆయనా మా నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, కార్పొరేషన్ కాలవల్లో గుర్రపుడెక్క లాగుతూ ముసలివాళ్లయ్యారు. మాకు చుట్టరికం ఏమీ లేదు, ఒకే వరస క్వార్టర్లు. అయినా నేను మావా అనే పిలిచేదాన్ని. రిటైరయ్యాక ఆయన ఒక భేరీలో తూము దగ్గర కాపలాకు కుదిరాడు. భేరీ అంటే ఊరి మురుగునీళ్లు పారించి చేపలు పెంచే పెద్ద చెరువు. నగరానికి తూర్పు అంచున అలాంటివి చాలా ఉన్నాయి. ఏడో తరగతితో బడి మానేసిన నన్ను అక్కడ లెక్కల మనిషిగా పెట్టించింది ఆయనే. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు.

చెరువు సంఘం సెక్రటరీ మండల్‌బాబు నన్ను ఎగాదిగా చూసి, "సర్టిఫికెట్ ఏదైనా ఉందా?" అన్నాడు.

"సర్టిఫికెట్ ఏం చేసుకుంటావు దాదా? నోటితో అడుగు," అన్నాడు మావ తన కాలవల బెంగాలీలో.

మండల్‌బాబు బీడీ వెలిగించుకుంటూ, "నలభై ఏడు ముప్పై ఆర్లు?" అన్నాడు. అగ్గిపుల్ల ఆర్పేలోపే పదహారు వందల తొంభై రెండు అని చెప్పాను. అప్పుడు మావ ముఖం చూడాలి, జవాబు తనే చెప్పినట్టు వెలిగిపోయింది. ఆ రోజు నుంచి టీ కొట్టులోనూ, కాలవ గట్టు మీదా, కనిపించిన ప్రతివాడికీ, "మా గుంట లెక్క తప్పదురా," అని చెప్పేవాడు. ఆయనకు చదువు రాదు. రానివాళ్లకు రాసిన అంకె మీద ఎంత గౌరవం ఉంటుందో, చదువుకున్నవాళ్లకు తెలియదు.

చేపపిల్లల్ని ఒక్కొక్కటిగా ఎవరూ లెక్కపెట్టరు. చిల్లుల గిన్నె ఒకటి ముంచి, అందులో ఎన్ని పడ్డాయో ఒక్కసారి లెక్కపెడతారు. తర్వాత గిన్నెలే లెక్క. అమ్మేవాడు పాటలా రాగం తీస్తూ గిన్నెలు వంపుతుంటాడు, మనం గీతలు గీసుకుంటూ పోతాం. ఆ జూలైలో పొద్దున ఒక లారీ, మధ్యాహ్నం కుంభవృష్టిలో ఇంకో లారీ వచ్చాయి. మొదటిది అరవై గిన్నెలు, రెండోది ఎనభై. గిన్నెకు మూడు వందల పది చొప్పున నలభై మూడు వేల నాలుగు వందలని రాశాను.

జనవరిలో వలలు లాగితే ఇరవై ఆరు వేల వంద తేలాయి. పదింటికి ఒకటి చావు కింద తీసేసినా ముప్పై తొమ్మిది వేల అరవై ఉండాలి. మండల్‌బాబు పుస్తకం మూసి, "పార్వతీ దీదీ, మన చేపలకు రెక్కలొచ్చాయా?" అన్నాడు. నేను నవ్వలేదు. ఆయన మళ్లీ, "తూము కాపలా ఎవరిది?" అని అడిగాడు. ఎవరిదో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

ఆ వానాకాలం నుంచీ తూర్పు గట్టు మీద నీటికుక్కల సంసారం ఒకటి ఉంటోంది. బెంగాలీలో భోందోడ్ అంటారు. నున్నటి గోధుమరంగు ఒళ్లు, బల్లపరుపు తోక, ముసలివాళ్లలా తెల్ల మీసాలు. నీళ్లలో ఒకదాని వెనక ఒకటి మునిగి లేస్తుంటే అంతా కలిసి ఒకే పొడవాటి జంతువులా కనిపించేవి. ఒక్కోటీ రోజుకు డజను చేపలు తింటుందని మండల్‌బాబు ఎక్కడో విన్నాడు. నేను వెంటనే భాగించాను. తగ్గిన పన్నెండు వేల తొమ్మిది వందల అరవైని జూలై నుంచి జనవరి దాకా నూట ఎనభై రోజులతో భాగిస్తే రోజుకు డెబ్భై రెండు. పన్నెండుతో భాగిస్తే ఆరు. శేషం సున్నా. అంత అందమైన భాగహారం నేనెప్పుడూ చెయ్యలేదు. ఆరు నీటికుక్కలు తిన్నాయి, మావ మీద మాట రాదు. కాగితం చింపి మండల్‌బాబు చేతిలో పెట్టాను.

నీటికుక్కల్ని పట్టడం ఆ చుట్టుపక్కల వచ్చినవాడు మావ ఒక్కడే. నాగావళి ఒడ్డున వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు. అది నేరమని మా అందరికీ తెలుసు. ఆ మాట పైకి ఎవరూ అనలేదు. ఆయనకు ఇష్టం లేదు, అయినా సంఘం చెప్పింది కాబట్టి ఒప్పుకుని, మర్నాడు తెల్లవారుతూనే నన్ను గట్టు మీదకు తీసుకెళ్లాడు. బురదలో అడుగుల పక్కన కూర్చుని, తుంగ పుల్ల తెంపి, అడుగు పొడవుకు సరిగ్గా గోటితో గిల్లాడు. అలా ఒక్కో జంతువుకు ఒక్కో పుల్ల. చివరికి ఐదు పుల్లలు, ఒకదానితో ఒకటి సమానం కానివి, నారతో కట్టాడు. తర్వాత ఎండిన పెంట ఒకటి తీసి వేళ్లతో నలిపాడు.

"ఇదిగో, పీత పెంకు. ఇది నత్త. ఇది జెల్ల ముల్లు. నీ రుయి సేప పొలుసేదే?"

"ఇంకో సోట ఏసుంటాయి మావా."

"ఈటికి దొడ్డి ఒక్క సోటే. మనకన్నా నయం," అని నవ్వాడు. ఆ పెంట తట్టు కాసేపు చూసి, "ఐదే ఉన్నాయి. అయ్యీ నీ సేపలు పెద్దగా తిన్నేదు," అన్నాడు.

నేను విన్నాను. వినీ పట్టించుకోలేదు. పీత పెంకు కన్నా సున్నా శేషం నాకు ఎక్కువ నిజంగా కనిపించింది.

బుట్ట అల్లడానికి రెండు రోజులు పట్టింది. ఆరడుగుల పొడవు, మూతి దగ్గర గరాటులా లోపలికి తిరిగిన సన్నటి వెదురు బద్దలు. తోసుకుని లోపలికి పోతే విడతాయి, వెనక్కి రాబోతే మొనలు అడ్డం పడతాయి. దాన్ని మూడు రోజులు కాలవ నీళ్లలో నానేశాడు, కోసిన వెదురు వాసన పోవాలని. ఆ మూడు రోజులూ సబ్బు ముట్టలేదు, బీడీ కాల్చలేదు. కాలవ నీళ్లు చెరువులోకి వచ్చే తూము ఇరుకులో, నీళ్లకు అడుగున బుట్ట దించి, రెండు వైపులా కర్రలు పాతి వేరే దారి లేకుండా చేశాడు. లోపల ఎర పెట్టలేదు. ఎందుకని అడిగితే, "ఆకలి మీద బుట్టెడితే తెలివైంది రాదమ్మీ. అలవాటు మీద ఎట్టాల. అది రోజూ ఎల్లే దారిలోనే ఉండాల," అన్నాడు.

మొదటిది మర్నాడు పొద్దున్నే పడింది. తూము దగ్గర నీళ్లు ఒక్కసారి గిలకొట్టుకున్నాయి. నేను లేచి వెళ్లిపోబోయాను. మావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎల్లకు. కూకో. లెక్కెట్టు."

"ఏటి లెక్కెట్టాల?"

"దాని ఊపిరి. ఎవులో ఒకలు లెక్కెట్టాల గదా."

నీళ్ల మీదకు బుడగలు వచ్చాయి. మూడు వందల నలభై దాకా లెక్కపెట్టాను. తర్వాత బుడగలు లేవు. మావ ఆ ఐదు పుల్లల్లోంచి ఒకటి తీసి నీళ్లలో వదిలాడు. ఆ రోజు చేప తినలేదు. పట్టిన రోజు తినకపోవడం వాళ్లింట్లో పద్ధతి. రెండోది, మూడోది కూడా అదే వారంలో పడ్డాయి. ఇంక నన్ను లెక్కపెట్టమనలేదు. నేనే పెట్టాను.

మూడోదాన్ని పూడ్చి వచ్చి ఆయన కర్రలు పీకడం మొదలుపెట్టాడు. "సాలు. జత వదిలీయాల. మా అయ్యా వదిలీవోడు," అన్నాడు. గట్టు మీదున్న మండల్‌బాబు నా వైపు తిరిగి, "లెక్కలో ఆరు కదా దీదీ? అయితే ఇంకా మూడున్నాయి. కాదంటే ఆ చేపలకు ఇంకెవరో జవాబు చెప్పాలి," అన్నాడు.

నేను నీళ్లలోకి దిగి మావ పక్కన నిలబడి మెల్లిగా, "ఆరని ఒప్పేసుకో మావా. నేకపోతే నీ మీదకొత్తాది," అన్నాను.

"ఒత్తే రానీ. నా పుల్లలు ఐదే."

"పుల్లలు తప్పొచ్చు. లెక్క తప్పదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. చదవాల్సిన కాగితం చేతికిచ్చినప్పుడు చూసేవాడు అలా. "రెండోపాలి సూసేవా?" అని అడిగాడు.

"సూసేను," అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. నేను మళ్లీ చూసింది భాగహారం. గిన్నె చూడలేదు.

ఆయన పీకిన కర్రలు మళ్లీ పాతాడు.

నాలుగోది రెండు రోజుల్లో పడింది. అప్పటినుంచి మిగిలింది ఒక్కటే. దాని ఈల నేను ఎన్నడూ మర్చిపోలేదు. పొద్దున్నే పొగమంచులో చెరువు ఈ చివర నుంచి ఆ చివరకు ఈదుకుంటూ, సన్నగా, పిట్టలా పిలిచేది. ఆగి వినేది. మళ్లీ పిలిచేది. మూడో రోజు తిన్నగా ఆ తూములోకే వెళ్లింది. మావ చివరి పుల్ల నీళ్లలో వదిలి, ఖాళీ నార వేలికి చుట్టుకున్నాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు, నా మాట మీద, ఆరోదాని కోసం బుట్ట ఉంచాడు. రోజూ పొద్దున ఖాళీ బుట్ట ఎత్తి నీళ్లు వంపేవాడు. గట్టు మీద కొత్త అడుగు ఒక్కటీ లేదు. పదో రోజు, "అమ్మీ, అది రాదు," అన్నాడు. "తెలివైందేమో మావా," అన్నాను నేను. సిగ్గుతో రాస్తున్నాను, ఆ మాట అన్నాను.

జూలైలో మళ్లీ చేపపిల్లల లారీ వచ్చింది. పెద్ద సైజు, నా మధ్యవేలంత. గిన్నె ముంచి లెక్కపెట్టాను. నూట ముప్పై. మళ్లీ ముంచాను. నూట ముప్పై రెండు. కిందటేడు వానలో వచ్చిన రెండో లారీ కూడా ఇదే సైజు. ఆ రోజు తడుస్తూ, పొద్దుటి సన్నపిల్లల గిన్నె లెక్కనే ఎనభై గిన్నెలకూ వేసేశాను. ఎనభై నూట ముప్పైలు పది వేల నాలుగు వందలు. పొద్దుటి అరవై గిన్నెలతో కలిపి మొత్తం ఇరవై తొమ్మిది వేలు. పదింటికొకటి తీసేస్తే ఇరవై ఆరు వేల వంద. వలలో వచ్చింది అదే. ఒక్క చేప కూడా పోలేదు. శేషం సున్నా వచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నీళ్లలో బతికేవాటి లెక్క అంత శుభ్రంగా తెగదు.

మండల్‌బాబుకు చెప్పాను. ఆయన నుదురు తుడుచుకుని, "అయితే నష్టమే లేదన్నమాట!" అని సంతోషించాడు. అందరికీ టీ తెప్పించాడు.

మావ తూము దగ్గర గుర్రపుడెక్క లాగుతున్నాడు. ఆయన ముందు సన్న చేపపిల్లల గిన్నె ఒకటి, పెద్ద చేపపిల్లల గిన్నె ఒకటి పెట్టి చూపించాను. ఎక్కువ చెప్పక్కర్లేకపోయింది. రెండింట్లోనూ వేలు పెట్టి కదిపాడు. ఆయన తిడితే బాగుండునని నిలబడ్డాను.

"ఐతే ఆరోది అసలు నేదు."

"నేదు మావా. ఐదూ నా మూలాన్నే పోయేయి."

"కాదు," అన్నాడు. "బుట్ట అల్లింది నా సెయ్యి. పెంట సూసేను, తిన్నేదని తెలిసీ ఎట్టేను. మూడు నాయి. వదల్దామన్న జత మాత్రం నీది. అది నేను మొయ్యను."

ఆ సాయంత్రం బుట్ట విప్పి, బద్దలు విరిచి, పొయ్యిలో పెట్టాడు. మళ్లీ అల్లలేదు, ఎవరికీ నేర్పలేదు. నాతో ఎప్పట్లాగే మాట్లాడేవాడు, మా ఇంట్లో ఎప్పట్లాగే టీ తాగేవాడు. కానీ మా గుంట లెక్క తప్పదని ఆయన నోట మళ్లీ నేను వినలేదు. ఆయన పోయి పదకొండేళ్లు. చివరి రోజుల్లో ఆసుపత్రిలో మనుషుల్ని పోల్చుకోలేకపోయేవాడు. నేను వెళ్తే మాత్రం, "వచ్చేయేటి?" అని అడిగేవాడు. ఏవని నేను అడిగేదాన్ని కాదు.

ఇప్పటికీ నేను చెరువుల లెక్కలే రాస్తున్నాను, వేరే భేరీల్లో. ప్రతి లారీకీ కాదు, ప్రతి పది గిన్నెలకూ ఒకటి మళ్లీ లెక్కపెడతాను. అమ్మేవాళ్లు విసుక్కుంటారు, "ఈ దీదీ ఉంటే పాట సాగదు" అంటారు. ఒక అంకె కింద గీత గీసే ముందు, దీన్ని నమ్మి ఎవరు ఎక్కడ బుట్ట పెడతారో అని ఒక క్షణం ఆగుతాను. ఈ ఆగడం నేను ఎక్కడా చదివి నేర్చుకోలేదు.

ఏటా చలికాలంలో హౌరా లోకల్ ఎక్కి, రేవు దాటి, బస్సు పట్టుకుని ఆ పాత గట్టుకు వెళ్తాను. చెరువు సగం పూడిపోయింది, ఆ సగం మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇరవై చలికాలాల్లో ఒకే ఒక్కసారి, కిందటి జనవరిలో, బురదలో ఐదు వేళ్ల అడుగు కనిపించింది. పక్కనే తాజా పెంట. మర్నాడు వెళ్లాను. నిన్నటిదే. మూడో రోజూ ఆ పాతదే, కొత్తది లేదు. కాపురం ఉండేది రోజూ అదే చోటికి వస్తుంది. ఇది దారిన పోతూ ఆగింది, అంతే. దాన్ని తీసివేతలో వెయ్యడానికి మనసు చాలా లాగింది. వెయ్యలేదు. నా బాకీ ఇంకా రెండు.