వంతెన అడిగితే ఆర్చి కట్టారు: అబూ హలీఫా నుంచి మాలియా దాకా

మా ఊరి వాగు మీద వంతెన కట్టమంటే, కువైట్‌లో పనిచేసే మా ఊరివాళ్ల కమిటీ వాగు ఒడ్డున స్వాగత ఆర్చి కట్టింది. అందరం వేసుకున్న చందాలతోనే. ఆఫీసర్లను అడిగి అడిగి విసిగాకే కమిటీని అడిగాం. ఆర్చి మీద మా అందరి పేర్లూ ఉన్నాయి, నాదీ ఉంది. వచ్చే నెల ఊళ్లో ఉన్న నా భార్య లతకు కాన్పు. నొప్పులొచ్చిన రోజు వాగు పొంగితే ఆమెను మంచం మీద మోసి దాటించాలి. అందుకే శుక్రవారం కువైట్ సిటీలోని మాలియాలో కమిటీ మీటింగని తెలిసి బయలుదేరాను.

నేనుండే అబూ హలీఫాలో ఉదయం తొమ్మిదికి బస్సెక్కాను. టికెట్ మూడు వందల యాభై ఫిల్సులు. సెలవు రోజు కాబట్టి రోడ్డు ఖాళీ, ముప్పావు గంటలో సిటీకి చేరుస్తుంది. దారిలో ఫింటాస్ స్టాపులో కమిటీ పెద్ద గంగన్న ఎక్కి నా పక్కనే కూర్చున్నాడు.

“ఏం రా శీనా, మొగం అట్ల పెట్టినావు? నీ కఫీల్ సేటు తిట్టినాడా?”

“రోడ్డు చూస్తాండా అన్నా.”

“చూడు, చూడు! ఈడ యుద్ధమైనాక నేనొచ్చేసరికి యాడ చూసినా కాలిన బండ్లు, గుంతలు, నూనె బావుల పొగ. తారు ఏసిన కూలోళ్లలో నేనూ ఒగణ్ణి. ఇప్పుడు గ్లాసులో టీ గూడా తొణకదు!”

కాలిపోయిన దేశానికి వంతెన మీద వంతెన. ఏ యుద్ధమూ చూడని మా ఊరికి ఒక్కటీ లేదు. ఇక్కడ నొప్పులొచ్చిన ఆడమనిషి కారులో పడుకుని ఆసుపత్రికి పోతుంది. ఆ ముక్క తలుచుకుంటే ఈ నల్లటి రోడ్డు మీదే పళ్లు కొరకాలనిపించింది.

“మరి మన వాగు మీద ఎందుకు కట్టలేదన్నా?”

“వంతెన మీద పేర్లు యాడ రాయాల రా? ఆర్చి అయితే బస్సులో పొయ్యేవాళ్లకు గూడా కనపడతాది.”

“అయితే లత ఆర్చి కిందనే కనాల్నా?”

బస్సు మాలియాలో ఆగగానే గంగన్న దిగి మీటింగుకు నడిచాడు, నేనూ వెనకే వెళ్లాను. మీటింగులో తేల్చాల్సిన విషయం ఒక్కటే: ఆర్చికి రంగు లైట్లు. నేను లేచి వాగు మాటెత్తగానే ఆయన చెయ్యి ఊపాడు. “ఖలాస్ రా, ఇంగ చాలు, వచ్చే నెల చూద్దాం.”

వచ్చే నెల!

తిరుగు బస్సులో అదే రోడ్డు, అదే మెత్తటి పరుగు. పరాయి దేశపు గుంతలు పూడ్చిన చేతులకు మన వాగు కనపడకపోవడమే నాకు మింగుడు పడలేదు. మీరు మాలియా వెళ్తే చిల్లర దగ్గరుంచుకోండి, చీకటి పడకముందే తిరుగు బస్సెక్కండి. తర్వాత సీటు దొరకదు.

గంగన్నా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. లైట్లు ఆపు. ఆ డబ్బుతో వాగులో సిమెంటు తూములు వేయించి పైన కాంక్రీటు పోయించు. వచ్చే శుక్రవారం నమాజు వేళలోపు కమిటీ గ్రూపులో జవాబు పెట్టు. పెట్టకపోతే ఆర్చి మీద నా పేరు చెరిపించు.