అకోసితా పాటలు ఆగిన వారం

ఫిజీ దీవుల్లోని మా లెవుకాలో ఉరిమిందంటే ముందు ప్లగ్గులు ఊడతాయి, తరవాతే వాన పడుతుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఉరిమిన ఉరుముకి మా పెట్టలు మూడు రోజులు గుడ్లు పెట్టడం మానేశాయి. నాలుగో రోజు పెట్టినవి పగలగొడితే లోపల ఉడికే ఉన్నాయి. నమ్మకపోతే మా ఆవిడని అడగండి, ఉప్పు వేసుకుని తిన్నది ఆవిడే. వీధి వీధంతా టీవీలు, ఫ్రిజ్జుల ప్లగ్గులు పీకేసి వరండాల్లో కూర్చుంది. వాన వెలవగానే అందరూ లోపలికి పరిగెత్తి మళ్ళీ పెట్టుకున్నారు, వైసేలే తప్ప.

వైసేలే మా పక్కింటివాడు. ట్యూనా చేపల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు కరెంటు పని చేశాడు. గాలిలో తడి ఉండగా ప్లగ్గు పెట్టకూడదని అక్కడ నేర్చుకున్నాడు. అందుకని ఒక రాత్రంతా ఆగి, తీగలన్నీ తడిమి చూసి, పొద్దున్న పెడతాడు. మాటలు తక్కువ మనిషి. అతని భార్య అకోసితా చర్చిలో పాటల బృందానికి ఇరవై ఆరేళ్ళు పాట నేర్పింది. ఆమె నేర్పుతుంటే ఇతను వెనక బెంచీ మీద కూర్చుని ప్రతి సాధననీ రికార్డు చేశాడు. అదే అతని ప్రేమలేఖ అనుకోవచ్చు.

రెండేళ్ళ కిందట ఆమె మూత్రపిండాలు పాడయ్యాయి. డయాలసిస్ యంత్రం మా దీవిలో లేదు. సువా పట్నంలో తన చెల్లెలి ఇంట్లో ఉంటూ సోమ, బుధ, శుక్రవారాలు నాలుగేసి గంటలు ఆ కుర్చీలో కూర్చోవాలి. తొంభై దాటిన తల్లిని వదిలి వైసేలే వెళ్ళలేడు. అందుకని రికార్డులన్నీ పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, దాన్ని ఇంటి సర్వర్‌గా మార్చాడు. ఆమె సువా నుంచి ఫోనులో వింటుంది. పాటల కన్నా మధ్యలో తన తిట్లంటే ఆమెకు ఇష్టం. "మగాళ్ళూ, ఆవలించడం కాదు, పాడండి!" అని తన గొంతే వినబడితే సూదులున్న చెయ్యి కదపకుండా నవ్వుతుందట.

సోమవారం ఫోను చేసింది.

"ఏమయ్యా, పాటలు రావట్లేదు. సున్నా ఒకటి గిరగిరా తిరిగి, సర్వర్ అందలేదంటోంది."

వైసేలే తన ఫోనులో నొక్కి చూశాడు. "ఇక్కడ బాగానే వస్తున్నాయే."

"నేనక్కడ లేనుగా!"

బుధవారం మళ్ళీ ఫోను. నాలుగు గంటలు ఉండాల్సిన మనిషి రెండు గంటలు కాగానే సూదులు తీయించుకుని లేచి వెళ్ళిపోయిందట. "శుక్రవారానికి పాటలొస్తే సరే. లేకపోతే శనివారం బోటెక్కి ఇంటికొచ్చేస్తా. నన్ను బతిమాలొద్దు."

ఇంటికి రావడమంటే ఏమిటో డాక్టరు వాళ్ళిద్దరికీ ఎప్పుడో చెప్పాడు. యంత్రం లేకుండా పది రోజులు, మహా అయితే పదిహేను.

వైసేలే ఫోనులోనే వినిపిద్దామని కూడా చూశాడు. కంప్యూటర్ దగ్గర ఫోను పెడితే బృందమంతా సీసాలో తేనెటీగల్లా వినబడిందని ఆమె విసుక్కుని పెట్టేసింది.

గురువారం పొద్దున్నే నా దగ్గరికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మామా, నీ ఫోను పట్టుకుని రేవుకి వెళ్ళు. మా ఇంటి వైఫైతో కాదు, బయటి సిగ్నల్‌తో విని చూడాలి."

సిస్టర్ల బడిలో చదువుకున్నవాణ్ణి, చెప్పిన చోట చెప్పినట్టు నిలబడటం నాకు బాగా వచ్చు. రేవులో నిలబడి, పాట నొక్కి చూస్తూ వైసేలేతో ఫోనులో మాట్లాడాను.

"ఇప్పుడు?"

"లేదురా."

"కంప్యూటర్ ఫైర్‌వాల్ తీసేశాను. ఇప్పుడు?"

"సున్నా తిరుగుతోంది."

నేను వెనక్కి వచ్చేసరికి వైసేలే ఆ ఫైర్‌వాల్ మళ్ళీ పెట్టేసి, తల పట్టుకుని కూర్చున్నాడు. కంప్యూటర్‌కి ఒక కాపలా, రౌటర్‌కి ఇంకో కాపలా ఉంటాయని నాకు చెప్పాడు. ఇంట్లో నొక్కితే రౌటర్ కాపలా దాటే పనిలేదు, అందుకే పాట వస్తుంది. బయటివాళ్ళు దాన్ని దాటాలి. అందులో అతనే ఒక దారి తెరిచాడు: పాటల కోసం ఎవరొచ్చినా పన్నెండో నంబరు దగ్గరికి పంపమని. రౌటర్ ఒక్కో యంత్రానికి ఒక్కో నంబరు ఇస్తుంది, పన్నెండు ఈ కంప్యూటర్‌ది. దారి తెరిచే ఉంది, మరి మనిషెందుకు చేరటం లేదు?

అప్పుడే ఎదురింటి ఇనోకే వచ్చాడు. వరసకి వైసేలేకి బావ, నోటికి తాళం లేదు. "ఏం బావా, పెళ్ళాం వదిలేసిన మొహం పెట్టావు? నీ వైఫై మాత్రం ఈ వారం గుర్రంలా పరిగెడుతోంది. నా టీవీ ఒక్కసారి కూడా ఆగలేదు!"

వైసేలే తల ఎత్తాడు. రౌటర్‌లో ఎవరెవరికి ఏ నంబరు ఇచ్చిందో ఆ జాబితా తెరిచాడు. ఇరవై పేర్లున్నాయి. మా దగ్గర చుట్టం నోరు తెరిచి కెరెకెరె అని అడిగితే కాదనే అలవాటు లేదు. పడవడిగినా, పారడిగినా, వైఫై పాస్‌వర్డ్ అడిగినా ఒకటే. వీధి వీధంతా అతని రౌటర్ మీదే బతుకుతోంది.

పన్నెండో నంబరు ఎదురుగా ఇనోకే టీవీ ఉంది.

ఉరిమిన మర్నాడు పొద్దున్న వైసేలే రౌటర్ పెట్టగానే, అది ముందొచ్చినవాళ్ళకి ముందు అన్నట్టు నంబర్లు పంచేసింది. ఇనోకే టీవీకి పన్నెండు పడింది. జాగ్రత్తపరుడు వైసేలే ఇంకా తీగలు తడిమి చూసి కంప్యూటర్ పెట్టేసరికి దానికి ఇరవై మిగిలింది.

"నాలుగు రోజులుగా మీ చెల్లెలు అకోసితా వచ్చి నీ టీవీ తలుపు కొడుతోంది, బావా," అన్నాడు వైసేలే.

"అయ్యో, తెలిస్తే లోపలికి రమ్మని టీ ఇచ్చేవాణ్ణిగా!" అన్నాడు ఇనోకే. నేను అతన్ని పక్కకి లాగి చెప్పాను. శనివారం బోటు సంగతి అప్పుడు తెలిసింది అతనికి. "ఉండు, టీవీ పీకేసి వస్తా. సముద్రంలో పారేయమన్నా పారేస్తా," అంటూ పరిగెత్తాడు.

పారేయాల్సిన పని లేకపోయింది. ఎన్నిసార్లు ఊడినా, ఎప్పుడు పెట్టినా పన్నెండు ఈ కంప్యూటర్‌దే అని వైసేలే రౌటర్‌లో రాసి కట్టేశాడు. నేను మళ్ళీ రేవుకి వెళ్ళి నొక్కాను. చేపల వాసన మధ్య అకోసితా గొంతు నిలదీసింది: "మళ్ళీ మొదటి నుంచి!" నా వయసు మర్చిపోయి నిటారుగా నిలబడ్డాను.

శుక్రవారం తొమ్మిదింటికి ఆమె ఫోను. వైసేలే స్పీకర్‌లో పెట్టాడు.

"వస్తున్నాయా?"

"వస్తున్నాయి." వెనక యంత్రం చప్పుడు. "ఎందుకు బాగు చేశావు? ఇప్పుడు నాకు వంక లేకుండా పోయింది."

వైసేలే నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"పాటలు రాలేదని లేచి వెళ్ళిపోయాననుకున్నావా? చేతిలో సూది గుచ్చడానికి చోటు లేదయ్యా. రెండేళ్ళు. పక్క కుర్చీలో ఆవిడ పోయిన వారం నుంచి రావట్లేదు. ఎందుకని ఎవరూ చెప్పట్లేదు. నిన్ను చూసి నాలుగు నెలలైంది. పాటలాగాయి కాబట్టి ఇంటికొస్తానని నోరు తెరిచి అనగలిగాను."

వైసేలే అన్నాడు: "రేపు శనివారం బోటుకి నేనే వస్తున్నా. ఉంటాను."

"మీ అమ్మ?"

"మామ చూసుకుంటానన్నాడు."

నేను అనలేదు. కాదని కూడా అనలేదు.

"వచ్చాక మాట్లాడదాం," అంది. "ఇవాళ మొత్తం కూర్చుంటానని మాట ఇవ్వను. ముందు ఈ పాట అవనీ."

ఫోను పెట్టేసింది. కంప్యూటర్ తెర మీద, బయట ఎవరో వింటున్నారని ఒక గీత మెల్లగా కదులుతోంది. ఒక పాట అయింది. ఆగి, ఇంకోటి మొదలైంది. బుధవారం ఆమె లేచి వెళ్ళిపోయిన వేళ, పదకొండు గంటలు, దాటింది. వైసేలే కుర్చీ కదల్చలేదు, కనురెప్ప వేశాడో లేదో చెప్పలేను. లోపల్నుంచి వాళ్ళమ్మ ఆకలని పిలిస్తే, కర్రపెండలం ఉడకబెట్టడానికి నేనే లేచాను.