జగ్గారావు జానెడు ఆకాశం

ఊరి బడిలో పదో తరగతి దాకా లెక్కల్లో జగ్గారావును దాటినవాడు లేడు. ఉక్కు కర్మాగారంలో ఇనుము తీయగా మిగిలే స్లాగ్ అనే కరిగిన మడ్డిని కుండలతో తెచ్చి గుట్ట మీద ఒంపే పని ముప్పై ఒక్క ఏళ్ళు చేశాడు. ఒక్క ప్రమాదం లేదు, నాలుగు సేఫ్టీ బహుమతులు. ఎనిమిదంగుళాల అద్దాన్ని పదకొండు నెలలు సొంత చేతులతో అరగదీసి దుర్భిణి కట్టాడు. కొండలెక్కి డెబ్భై రెండు గెలాక్సీలను ఫొటో తీశాడు.

మోకాళ్ళు పోయాక కూర్మన్నపాలెంలో మూడో అంతస్తు నుంచి కిందికి దిగి పదిహేను నెలలైంది. ఇప్పుడతనికి మిగిలింది బాల్కనీ. పైన శ్లాబు, ఎదురుగా లేస్తున్న అపార్టుమెంటు, ఆ రెంటి నడుమ జానెడు ఆకాశం. హస్తా నక్షత్రం పక్కన ఒకదాన్నొకటి ఢీకొని విడిపోలేక మెలిపడిన రెండు గెలాక్సీలు రోజూ నలభై నిమిషాలు ఆ సందులోంచి వెళతాయి. వాటికి రెండు పొడుగాటి తోకలు. వేసవి మొదటినుంచీ తీసిన ఫొటోలన్నీ కలిపితే ఒక తోక తేలింది. రెండోది లీలగా ఉంది. ఇంకొక్క సాయంత్రం చాలు. అయితే ఎదుటివాళ్ళు తెల్లారితే శ్లాబు వేస్తారు, సందు మూసుకుపోతుంది.

నాలుగు రోజుల మబ్బు ఆరోజే విడిచింది. ఎనిమిదింటికి స్లాగ్ గుట్ట మీద మొదటి కుండ ఒంపగానే దక్షిణమంతా ఎర్రబారింది. ఆ వెలుగులో ఫొటో పడదు. మూడు కుండలయ్యాక గంట చీకటి. ఆ లెక్క అతనికి కంఠతా వచ్చు.

"ఇప్పుడా కుండలొంపేది దుర్గారావన్నయ్యే గదా, ఇయ్యాల ఎన్నో ఓ ఫోన్ కొట్టి అడగొచ్చు కదేటి?" అంది భార్య గౌరీశ్వరి.

"ఆడికి పని నేర్పినోణ్ణి నాను. నానాణ్ణి అడగాలేటి?"

మూడో కుండ వెలుగు చల్లారింది. జగ్గారావు కెమెరా తెరిచాడు. పది నిమిషాలు కాకుండానే ఆకాశం మళ్ళీ కొలిమిలా మండింది. అది ఆరేసరికి గెలాక్సీలు శ్లాబు చాటుకు పోయాయి.

అప్పుడు చేశాడు ఫోన్.

"సోమారం నుంచి నాలుగు కుండలు బావా!" అన్నాడు దుర్గారావు. "ఒక్క మాట సెప్తే నాలుగోది కాసేపు ఆపుదును గదా! నువ్వు ఆకాశంలో కూకున్నావని నాకేటి తెల్సు?"

జగ్గారావు ఫోన్ పెట్టేసి, కెమెరా మూసేశాడు.

పొద్దున్నే కాంక్రీటు మిషను మోత మొదలైంది. మధ్యాహ్నానికి బాల్కనీలో ఎటు చూసినా సిమెంటే. అతను ఫొటోలన్నీ కలిపి కంప్యూటర్లో చూపించాడు. గౌరీశ్వరి కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది.

"బాగుంది. తోకలు రెండన్నావు, రెండోదేదీ?"

"ఉంది," అన్నాడు. "నానే తియ్యలేకపోయాను."